వేసవిలో తప్పిపోయిన గుత్తులు: నాసిక్‌లో ఒక కుటుంబ ద్రాక్షతోట కేస్ స్టడీ

నాసిక్ జిల్లా దిండోరి తాలూకాలో ఒక కుటుంబం పదకొండు ఎకరాల్లో ద్రాక్ష పెంచి, తోటలోనే ఉన్న చిన్న సెల్లార్‌లో వైట్ వైన్ మాత్రమే చేస్తుంది. ఏడెకరాలు షెనిన్ బ్లాంక్, నాలుగెకరాలు సావిన్యాన్ బ్లాంక్. తోట పని పెద్దాయనది. కొడుకు ట్యాంకుల దగ్గర ఉంటాడు. అమ్మకాలు, వారాంతాల్లో ముంబై నుంచి వచ్చే అతిథుల ఏర్పాట్లు కోడలు చూసుకుంటుంది. ఏ వరసలో ఏ తీగ ఎలాంటిదో పెద్దావిడకి కంఠతా వచ్చు; కత్తిరింపు రోజుల్లో కూలీల ముఠాని నడిపేది ఆవిడే. ఊళ్ళో అందరూ పెద్దాయన్ని కాకా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను.

సలహా కోసం నన్ను పిలిచింది 2023 నవంబర్ ఆఖర్లో. "సావిన్యాన్‌లో ఆకు బ్రహ్మాండంగా వస్తోంది సర్, కాయే రావట్లేదు," అన్నారు కాకా. షెనిన్ బాగానే కాస్తోంది. సావిన్యాన్ మాత్రం మూడు నాలుగేళ్ళుగా ఏటికేడు తగ్గుతోంది. ఆ నవంబర్ 26న వడగళ్ళు పడి నిఫాడ్ వైపు చాలా తోటలు దెబ్బతిన్నాయి. ఈ తోట తప్పించుకుంది. అయినా ఇంట్లోవాళ్ళకి వాతావరణం మీదే అనుమానం. ఎరువుల కొట్టువాళ్ళు మాత్రం పోషకాలు చాలట్లేదని చెప్పి ఏటా ఇంకో రెండు సీసాలు అంటగడుతున్నారు.

తోటలోకి వెళ్ళి కొమ్మల్ని ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని చూశాం. పది కొమ్మల్లో ఆరింటికి గుత్తి లేదు. గుత్తి ఉండాల్సిన కణుపు దగ్గర నులితీగ, అంటే ఆధారాన్ని చుట్టుకునే సన్నని తీగ, ఉంది. గుత్తి వచ్చి రాలిపోతే కాడ మచ్చ కనిపించాలి. తెగులు తిన్నా, పురుగు కొట్టినా ఏదో ఒక ఆనవాలు మిగులుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఈ కొమ్మల్లో గుత్తి అసలు పుట్టనే లేదు. అంటే నవంబర్‌లో నిలబడి వెతికితే కారణం దొరకదు, ఆరు నెలలు వెనక్కి, మే నెలకి వెళ్ళాలి.

గుత్తి పుట్టేది మే నెలలో

ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో ద్రాక్షతీగ చలికాలమంతా నిద్రపోతుంది. అక్కడ ఏడాదికి ఒక్క కత్తిరింపు. నాసిక్ దాదాపు 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ తీగకి నిద్ర లేదు కాబట్టి ఏడాదిలో రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీస్తారు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలు నడిపిన కుటుంబాలకి ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతే. ఏప్రిల్‌లో చేసేదాన్ని నాసిక్ రైతులు ఖరడ్ ఛాటణీ అంటారు. పంట కోశాక తీగని దాదాపు మొదలంటా, ఒక్కో కన్ను (చిగురు వచ్చే మొగ్గ) మాత్రమే ఉంచి కోసేస్తారు. కొత్త కొమ్మలు వేసవిలో పెరిగి, వానాకాలంలో ముదిరి గోధుమరంగుకి తిరుగుతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆ ముదురు కొమ్మల్ని మళ్ళీ కత్తిరిస్తారు. దాని పేరు గోడీ ఛాటణీ. అప్పుడు పగిలే కళ్ళ నుంచి గుత్తులు బయటికొస్తాయి. వైట్ వైన్ రకాల కోత జనవరి ఆఖరు నుంచి మార్చి మొదటి వారం దాకా నడుస్తుంది.

అక్టోబర్‌లో బయటపడే గుత్తి అక్టోబర్‌లో పుట్టదు. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, కొత్త కొమ్మ మీద ప్రతి ఆకు మొదట్లో ఉన్న కంటి లోపల కంటికి కనపడని ఒక చిన్న ముద్ద ఏర్పడుతుంది. అది గుత్తి కావచ్చు, నులితీగ కావచ్చు. రెండింటికీ మూలం ఒక్కటే. సైటోకైనిన్ అనే హార్మోన్ అందిన ముద్ద గుత్తి వైపు తిరుగుతుందనీ, జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్ ఎక్కువైతే నులితీగగా మిగిలిపోతుందనీ శ్రీనివాసన్, మల్లిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1981 నాటికే వివరంగా రాశారు. రైతు భాషలో చెప్పాలంటే ఆ మూడు వారాల్లో కంటి మీద వెలుతురు పడాలి, వేడి ఉండాలి, తీగ పరుగు తగ్గాలి. నీళ్ళు, నత్రజని పుష్కలంగా ఉండి ఆకు మీద ఆకు కప్పేస్తే తీగ బలంగా కనిపిస్తుంది, కళ్ళు మాత్రం ఖాళీగా ఉంటాయి.

అందుకే కాకాని ముందుగా ఎరువుల సంగతి అడగలేదు. గత నాలుగేళ్ళలో ఖరడ్ ఛాటణీ ఏ తేదీల్లో చేశారని అడిగాను. కోడలి దగ్గర డైరీలున్నాయి. మొదట్లో ఏప్రిల్ 8, ఆ తర్వాతి ఏడాది ఏప్రిల్ 19, తర్వాత ఏప్రిల్ 27. 2023లో మే 2. దిగుబడి పడిపోయిన వరసా, ఈ తేదీలు వెనక్కి జరిగిన వరసా ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. మే 2న కోస్తే నలభయ్యో రోజు జూన్ 11. మామూలుగా ఆ రోజుల్లోనే నాసిక్‌లో మబ్బు కమ్ముతుంది. కంటికి వెలుతురు కావాల్సిన మూడు వారాలు వానమబ్బు పాలయ్యే తేదీకి కత్తిరింపు జరిగిందన్నమాట.

కత్తిరింపు ఎందుకు వెనక్కి జరిగింది?

జవాబు సెల్లార్‌లో దొరికింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చాక నాసిక్‌లో చాలామంది వైన్ వైపు వచ్చారు. ఈ కుటుంబం మొదట పెద్ద కంపెనీలకి పండు అమ్మేది, తర్వాత సొంతంగా సీసా కట్టడం మొదలుపెట్టింది. సొంత వైన్ పెరిగే కొద్దీ ఏప్రిల్ నెల ఇరుకైపోయింది. ఫిబ్రవరిలో పులియబెట్టిన వైన్ మార్చికి తేటపడుతుంది. షాపులవాళ్ళకి కొత్త సంవత్సరం వైన్ ఎండలు ముదరక ముందే కావాలి. అదే నెలలో పిల్లలకి సెలవులిస్తారు, అతిథులు పెరుగుతారు. తోటలో కత్తెర పట్టే మనుషులే సెల్లార్‌లో సీసాలు కడుగుతున్నారు, లేబుల్ అంటిస్తున్నారు, అట్టపెట్టెలు సర్దుతున్నారు. "ఇది అయ్యాక తోటలోకి పోదాం" అనుకుంటూ ప్రతి ఏడూ మరో వారం జరిగింది. చిన్న కుటుంబ వైనరీలన్నిటిలోనూ ఈ ఇబ్బంది ఉంటుంది. తోటా, సెల్లార్ ఒకే చేతుల మీద నడుస్తాయి, సీసా కట్టిన రోజు డబ్బు కనిపిస్తుంది, తీగ కోసిన రోజు కనిపించదు.

దీనికి తోడు నేల. తోటలో కింది భాగం బరువైన నల్లరేగడి, పై భాగం మొరం. తీగని అంటుకట్టిన వేరుమూలం (అడుగు మొక్క) డాగ్‌రిడ్జ్ రకం. ఉప్పునీళ్ళకీ, నీటి ఎద్దడికీ తట్టుకుంటుందని మహారాష్ట్రలో టేబుల్ ద్రాక్ష (పండుగా తినే ద్రాక్ష) రైతులు దీన్ని విపరీతంగా వాడారు. అది తీగకి చాలా జోరు ఇస్తుంది. థామ్సన్ సీడ్‌లెస్ లాంటి టేబుల్ రకానికి పందిరి మీద ఆ జోరు పనికొస్తుంది. నిటారుగా కంబుల మీదికి ఎక్కించే సావిన్యాన్‌కి, అందులోనూ నల్లరేగడిలో, అది మోతాదు మించిపోతుంది. షెనిన్ స్వభావం వేరు. దానికి కింది కళ్ళలో కూడా సులువుగా గుత్తి పడుతుంది, కాబట్టి ఇదే తప్పుని అది కొంతవరకు భరించింది. సావిన్యాన్‌కి మొదటి రెండు మూడు కళ్ళు సహజంగానే బలహీనం. ఒకే ఇంట్లో ఒకే పద్ధతిలో పెంచినా ఒకటి కాసి ఇంకొకటి కాయకపోవడానికి కారణం ఇదే.

తీగలో పోషకాలు ఎంతున్నాయో చెప్పే ఆకు కాడ పరీక్షలు వరసగా ఏమీ చేయించలేదు. పాత కాగితాల్లో ఒక్కటి దొరికింది, అందులో నైట్రేట్ ఎక్కువగా ఉంది. అయినా డ్రిప్‌లో మే నెలంతా యూరియా వెళ్తోంది.

2024 వేసవి: తేదీ మార్చడం, నీళ్ళు తగ్గించడం

ఫిబ్రవరిలో కోత అవుతుండగానే నలుగురితో కూర్చున్నాం. నేను కోరినవి రెండే. సావిన్యాన్ కత్తిరింపు ఏప్రిల్ మొదటి వారం దాటకూడదు. సీసా కట్టే పని, మొదటి ట్యాంక్ ఒక్కటి తప్ప, మే ఆఖరుకి వాయిదా పడాలి.

రెండోదానికి కొడుకు వెంటనే ఒప్పుకోలేదు, అతని టెన్షన్‌లో న్యాయం ఉంది. నాసిక్‌లో మే నెల మధ్యాహ్నాలు 40 డిగ్రీల దగ్గర ఆడతాయి. వైట్ వైన్ ట్యాంకుల్ని అదనంగా ఐదారు వారాలు చల్లగా ఉంచాలంటే చిల్లర్ ఆగకుండా నడవాలి, కరెంట్ పోతే జనరేటర్ డీజిల్ తాగుతుంది. ట్యాంక్ పైన ఖాళీ ఉంటే వైన్ ఆక్సిడైజ్ అవుతుంది. లెక్క వేశాం. ట్యాంకుల్ని అంచుదాకా నింపి, మిగిలిన వైన్‌ని చిన్న డబ్బాల్లోకి మార్చి, పైన నైట్రోజన్ పరచాలని అనుకున్నాం. వైన్ చెడకుండా కాపాడే ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ ఎంతుందో వారం వారం చూడాలి. ఈ వైన్‌ల పీహెచ్ 3.3, 3.4 మధ్య ఉంటుంది. 3.3 దగ్గర 26 పీపీఎం చాలు, 3.4 అయితే 32 దాకా కావాలి. పీహెచ్‌లో అంత చిన్న తేడాకే మోతాదు అలా మారుతుంది కాబట్టి ప్రతి ట్యాంక్‌కీ విడిగా చూడాల్సిందే. చిల్లర్ ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ సావిన్యాన్ నాలుగెకరాల్లో సగం పంట పోవడంతో పోలిస్తే ఆ ఖర్చు చిన్నది. వైన్ ఇంకొంత కాలం సన్నని మడ్డి మీద ఉండటం వల్ల రుచిలో నిండుదనం వచ్చిందని కొడుకే తర్వాత చెప్పాడు. నేనది ముందు లెక్కలోకి తీసుకోలేదు, అదనంగా దక్కింది.

కత్తిరింపు ఏప్రిల్ 5న మొదలై మూడు రోజుల్లో అయిపోయింది. ఆరు వరసల్ని మాత్రం కావాలని వదిలేసి, ఏప్రిల్ 28న పాత పద్ధతిలోనే కోయించాం. వాటికి నీళ్ళు, ఎరువు కూడా పాత లెక్కే. పక్కన పోల్చి చూసే వరసలు లేకపోతే ఫలితం మా పనిదో, ఆ ఏటి ఎండదో చెప్పలేం. 2023లో వానలు తక్కువ పడ్డాయి. 2024 వేసవికి నాసిక్ డ్యాముల్లో నీళ్ళు అడుగంటాయి. కాలువ నీళ్ళు వదిలే వంతులు తగ్గాయి. కాకా ప్లాస్టిక్ పరిచిన చెరువులో దాచుకున్న నీళ్ళే దిక్కు. ఆ ఎద్దడి మేం చేయాలనుకున్న పనిలో సగం తనే చేసింది కాబట్టి, పోల్చే వరసలు మరీ అవసరమయ్యాయి.

కొత్త చిగురు ఐదారు ఆకులకి వచ్చేసరికి పెద్దావిడ ముఠా కొమ్మల్ని పలచన చేసింది. అడుగుకి మూడు నాలుగు కొమ్మలు మించకుండా, మిగిలినవి చేత్తో విరిచేశారు. ఈ పని ఎంత ముఖ్యమో మాటల్లో ఒప్పించడం కష్టం. ఆరోగ్యంగా ఉన్న కొమ్మని విరిచేటప్పుడు ఏ రైతుకైనా ప్రాణం ఒప్పదు. ఆ లేత దశలో తామర పురుగులూ, పెంకు పురుగులూ చిగుళ్ళని గీకుతాయి కాబట్టి మందు కూడా అప్పుడే పడాలి. ఆ పదిహేను రోజుల్లో నీళ్ళకీ నత్రజనికీ లోటు చేయలేదు. ఆకు త్వరగా నిండాలి, తర్వాత ఆగాలి. మొదటి నుంచీ ఎండగడితే కొమ్మ సన్నబడిపోతుంది, అలాంటి కొమ్మలో కన్ను కూడా పేదదే.

ముప్పై ఐదో రోజు నుంచి యూరియా పూర్తిగా ఆపేశాం. డ్రిప్ నీళ్ళు అంతకుముందు ఇచ్చినదాంట్లో మూడో వంతుకి తగ్గించాం. అక్కడి నుంచి ప్రతి రోజూ కొమ్మ కొస చూడటమే కాకా పని. నులితీగలు కొసని దాటి ముందుకు చాచి ఉంటే తీగ ఇంకా పరిగెడుతోందని అర్థం, నీళ్ళు ఇంకాస్త తగ్గించవచ్చు. నులితీగలు కొస కన్నా వెనకబడి, కొస మొద్దుబారితే మనకి కావాల్సిన చోట ఆగిందన్నమాట. కింది ఆకులు పసుపుకి తిరగడం మొదలైతే ఎండగట్టడం ఎక్కువైంది, వెంటనే ఒక తడి ఇవ్వాలి. ఏ మీటరూ లేకుండా ఈ మూడు గుర్తులతో ఆయన నల్లరేగడి వరసలకీ మొరం వరసలకీ వేర్వేరుగా నీళ్ళు పెట్టారు. ఆ ఓపిక నాకు చాలా నచ్చింది. వరసల మధ్య చెరకు ఆకు పరిచాం, మొరం నేలలో దానివల్ల తేమ నిలబడింది.

వెలుతురు కోసం పక్క కొమ్మలు తీసేశాం, తల తుంచాం. కంటిని ఆనుకుని ఉన్న పెద్ద ఆకుని మాత్రం ఎవరూ తాకకూడదని గట్టిగా చెప్పాను. ఆ కంటికి తిండి పెట్టేది ఆ ఆకే. నలభై ఐదో రోజున ఐదో ఆకు కాడ తీసి పరీక్షకి పంపాం. నైట్రేట్ దిగింది, భాస్వరం సరిపడా ఉంది. పొటాష్ తర్వాత, కొమ్మ ముదిరే దశలో ఇచ్చాం.

సీసీసీ కొట్టమని పక్క తోటలవాళ్ళు సలహా ఇచ్చారు. తీగ పరుగుని ఆపే మందు అది, పని చేస్తుంది కూడా. 2010లో యూరప్‌కి వెళ్ళిన మన టేబుల్ ద్రాక్షలో దాని అవశేషాలు కనిపించి కంటైనర్లు ఆగిపోయాయి, నాసిక్ రైతులు విపరీతంగా నష్టపోయారు. అది మర్చిపోయే విషయం కాదు. నీళ్ళు మన చేతిలో ఉన్నప్పుడు ఆ మందు అవసరం లేదని నా అభిప్రాయం. ఆ ఏడు కొట్టలేదు. 6-బీఏ అనే సైటోకైనిన్ మాత్రం ఒకసారి కొట్టాం. అది అన్ని వరసలకీ, పోల్చే వరసలకి కూడా పడింది. కాబట్టి కింద చెప్పే తేడా దానిది కాదు.

2024 అక్టోబర్ మొదట్లో గోడీ ఛాటణీ అయింది. కళ్ళు పగిలి ఐదారు ఆకులు వచ్చాక వరసల్లో నడిచి చూశాం. పాత పద్ధతి వరసల్లో పది కొమ్మలకి ఐదింటికే గుత్తి. మార్చిన వరసల్లో ఏడెనిమిదింటికి ఉంది. మొరం భాగంలో ఇంకా బాగుంది. ఎద్దడి రెండిటికీ సమానమే, స్ప్రేలు సమానమే, తేదీ, నీళ్ళు, ఎరువు, పలచన చేయడం వేరు. గుత్తులన్నీ దాదాపు ఒకే వయసులో ఉండటం వల్ల 2025 ఫిబ్రవరిలో కోత కూడా సులువైంది. సావిన్యాన్‌ని తెల్లవారుజామున, చలి ఉండగానే కోసి ఎనిమిది లోపల ప్రెస్ చేయాలి. ఎండ తగిలితే ఆ పండు వాసన పోతుంది, ఫిబ్రవరి రెండో సగంలో ఆసిడ్ రోజురోజుకీ జారిపోతుంది. పండు ఒకేసారి పక్వానికి రావడంతో రెండు మూడు విడతలుగా కోయాల్సిన అవసరం రాలేదు.

2025 మే

రెండో ఏడు సావిన్యాన్ అంతా ఏప్రిల్ 4న కత్తిరించాం. నలభయ్యో రోజు మే 14. చిగురు బాగుంది, నీళ్ళు తగ్గించడం మొదలైంది. అప్పుడు వాన వచ్చింది.

ఒక జల్లు కాదు. మే రెండో సగమంతా మహారాష్ట్ర మీద వానే. మే 24న రుతుపవనాలు కేరళని తాకాయి, 26కల్లా ముంబై చేరాయి. ముంబైకి అవి మామూలుగా జూన్ 11 ప్రాంతంలో వస్తాయి. దిండోరిలో పొలాల్లో నీళ్ళు నిలబడ్డాయి. డ్రిప్ కవాటం కట్టేసి ప్రయోజనం లేదు, ఆకాశం నుంచి పడేదాన్ని ఎవరూ కట్టలేరు. మేం ఎంచుకున్న మూడు వారాలూ తడిసిపోయాయి. మార్చి మధ్యలోనే కత్తిరించేసిన కొన్ని టేబుల్ ద్రాక్ష తోటలు కాస్త మెరుగ్గా బయటపడ్డాయి. ఏప్రిల్ ఆఖర్లో కత్తిరించినవాళ్ళ పరిస్థితి మాకన్నా ఘోరం.

ఫోన్‌లో కాకా గొంతు విన్నాక ఆ రోజే బయల్దేరాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఇప్పుడు ఏం చేయగలం సర్?" చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, ఏదీ ఎండకి సాటి రాదని ముందే చెప్పాను. నత్రజని అప్పటికే ఆపేశాం. నల్లరేగడిలో వరసల మధ్య కాలువలు తీసి నీళ్ళు బయటికి పంపాం. గడ్డి పీకడం మానేశాం. సాధారణంగా అది తప్పు, ఆ తడిలో మాత్రం గడ్డి నీళ్ళు తాగి తీగకి కొంత ఎద్దడి తెస్తుంది. వారానికొకసారి కొసలు తుంచి, పక్క కొమ్మలు తీసి, కొమ్మల్ని ఎత్తిపట్టే కంబుల్ని సరిచేసి కొమ్మల్ని విడివిడిగా నిలబెట్టాం, మబ్బు విడిచిన గంట రెండు గంటలైనా కంటి మీద వెలుతురు పడాలని. కొమ్మ ఆగట్లేదు కాబట్టి నల్లరేగడి వరసలకి సీసీసీ తక్కువ మోతాదులో కొట్టాల్సి వచ్చింది. ఎగుమతి పండు కాదు, పంటకి ఎనిమిది నెలల ముందు. అయినా వైన్‌లో అవశేషాల పరీక్ష చేయించాలని కొడుకుతో ఇప్పుడే ఒప్పందం. 6-బీఏ రెండుసార్లు పడింది.

బూజు తెగులు మామూలుగా జూలైలో వచ్చేది, మే ఆఖరుకే లేత ఆకుల మీద నూనెమచ్చలు కనిపించాయి. ఇక్కడ ఆలస్యం చేయకూడదు. ఆకు పోతే కన్ను కూడా పోయినట్టే, కొమ్మ ముదరదు. రాగి మందుతో పాటు లోపలికి పాకే మందుల్ని మార్చి మార్చి కొట్టాం. పెద్దావిడ వానలో గొనెపట్టా కప్పుకుని కొసలు తుంచే ముఠాతో నిలబడింది. మొరం భాగంలో ట్రాక్టర్ తిరిగింది. నల్లరేగడిలో దిగబడిపోతుంది కాబట్టి అక్కడ వీపు మీది పంపులతోనే పని.

ఆగస్టులో ముదిరిన కొమ్మలు కోసి కళ్ళ పరీక్షకి పంపాం. ఒక్కో కంటిని నిలువుగా చీల్చి మైక్రోస్కోప్ కింద చూస్తారు. సెప్టెంబర్‌లో ఎక్కడ కత్తెర వేయాలో తేల్చే సాధనం ఇంతకన్నా మంచిది లేదు. నా మాట వినే ప్రతి తోటకీ ఇది చేయించమనే చెబుతాను. ఫలితం ఇలా వచ్చింది. సావిన్యాన్‌లో మొదటి రెండు కళ్ళు దాదాపు ఖాళీ. ఉన్న గుత్తులన్నీ నాలుగో కన్ను నుంచి ఏడో కన్ను మధ్యే. నల్లరేగడి కింది వరసల్లో కొన్ని కళ్ళ మధ్యభాగం గోధుమరంగుకి తిరిగి చచ్చిపోయి ఉంది. జోరు మీదున్న తీగల్లో, నీడ పడిన కళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది. మొరం వరసలు 2024 కన్నా కాస్త తక్కువే అయినా, బాగానే ఉన్నాయి. షెనిన్‌లో రెండో కన్ను నుంచే గుత్తులున్నాయి, కాకపోతే చిన్నవి.

ఈ పరీక్ష చూడకుండా ఎప్పటిలాగే రెండు కళ్ళు ఉంచి కోసి ఉంటే సావిన్యాన్ మొత్తం ఆకుల తోట అయ్యేది. కాబట్టి ఈసారి కత్తిరింపు తీరు మార్చాం. ఒక్కో తీగకి బలమైన కొమ్మల్ని ఎనిమిది కళ్ళ దాకా ఉంచి తీగకంబి వెంట పడుకోబెట్టి కట్టాలి. పక్కనే రెండు కళ్ళ పొట్టి మొదలు ఒకటి వచ్చే ఏడాది కోసం ఉంచాలి. పొడుగు కొమ్మలో చివరి కళ్ళే ముందు పగిలి మిగిలినవాటిని అణిచేస్తాయి. అందుకని కళ్ళు పగలడానికి వాడే హైడ్రోజన్ సైనమైడ్‌ని అన్నిటికీ పూయకుండా నాలుగు నుంచి ఏడో కన్ను వరకే గుడ్డతో అద్దాలి.

ఈ మందు గురించి వైన్ ఇళ్ళలో ప్రత్యేకంగా చెప్పాలి. సైనమైడ్ ఒంట్లోకి చేరినవాళ్ళు మద్యం తాగితే శరీరం ఆల్కహాల్‌ని విరిచే దారి మధ్యలో ఆగిపోతుంది. ముఖం ఎర్రబడటం, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మందు పూసేవాళ్ళు ముందు రోజు నుంచి, తర్వాత లేబుల్ మీద చెప్పినన్ని రోజుల దాకా ఒక్క చుక్క ముట్టకూడదు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు లేకుండా డబ్బా తెరవకూడదు. తోటలో సాయం చేసిన కొడుకు ఆ రోజుల్లో ట్యాంకులు రుచి చూడకూడదు. ఆ పని కోడలు తీసుకుంది.

సెప్టెంబర్‌లో కూడా వాన వదల్లేదు. తడిలో కత్తిరిస్తే లేత గుత్తి బూజు తెగులుకి దొరికిపోతుంది. అందుకని గోడీ ఛాటణీని అక్టోబర్ రెండో వారానికి జరిపాం. కోత ఫిబ్రవరి ఆఖరుకి పోతుంది, ఎండ ముదరక ముందే పండు తెగకపోతే ఆసిడ్ పోతుంది. ఆ రిస్క్ తెలిసే తీసుకున్నాం. మొరం భాగం పండుని విడిగా, ముందుగా కోసి విడి ట్యాంక్‌లో పులియబెట్టాలనీ, నల్లరేగడి పండు ఏ స్థాయికి వస్తే దానికి తగ్గ వైన్ చేయాలనీ కొడుకు నిర్ణయించుకున్నాడు. సరైన నిర్ణయం.

2026 వేసవికి తేదీలు ఇప్పుడే రాసుకున్నాం. కాకా సావిన్యాన్‌ని మార్చి 15నే కత్తిరించేద్దామంటున్నారు. కోత ఫిబ్రవరి ఆఖరుకి జరిగితే పంట తీసిన తీగకి రెండు వారాలైనా ఊపిరి ఇవ్వకుండా కత్తిరించడం నాకు ఇష్టం లేదు. మొరం భాగం ముందే ఖాళీ అవుతుంది కాబట్టి అది మార్చి 15న, నల్లరేగడి భాగం మార్చి 25న కత్తిరించాలన్న మాట దగ్గర ఆగాం. షెనిన్ ఏప్రిల్ 5. మే వాన ఏటా వస్తుందని ఎవరూ అనలేరు, అయినా వెలుతురు వారాల్ని రెండు తేదీలకి పంచితే అంతా ఒక్కసారే తడిసిపోదు. వచ్చే ఏడు నల్లరేగడిలో చచ్చిన తీగల స్థానంలో డాగ్‌రిడ్జ్ బదులు 110ఆర్ అనే వేరుమూలం మీద కట్టిన మొక్కలే పెట్టాలి. సీసాల పని మే 20 తర్వాతే, రాత్రి షిఫ్టుల్లో. దానికి కావాల్సిన మనుషుల్ని విడిగా మాట్లాడే బాధ్యత కోడలిది, తోట ముఠాలో ఎవరినీ సెల్లార్‌కి పంపనని పెద్దావిడ ముందే తేల్చి చెప్పింది.